రెడ్ హెర్రింగ్ అంటే ఏంటి, ఆ కుక్కల కథ నిజమేనా?

అడిగినాయన భయం నాకు అర్థమైందండి. ఐపీఓకి, అంటే కంపెనీ మొదటిసారి జనానికి అమ్మే షేర్లకి అప్లై చేద్దామని కంపెనీ కాగితాలు డౌన్‌లోడ్ చేస్తే మొదటి పేజీలోనే 'రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్' అని ఉంది, ఆ మాటకి అర్థమేంటా అని వెతికితే 'అసలు విషయం నుంచి జనాన్ని పక్కదోవ పట్టించేది' అని వచ్చింది, అంటే కంపెనీవాడే ముందుగా 'నేను మిమ్మల్ని ముంచబోతున్నా' అని రాసిచ్చేశాడా అని మీ మొదటి ప్రశ్న. ఇక రెండోది, జైలు నుంచి పారిపోయే ఖైదీలు పోలీసు కుక్కలకి తమ వాసన దొరక్కుండా ఎండుచేప ఈడ్చుకుంటూ పోయేవాళ్లంట, ఈ మాట అక్కడి నుంచే పుట్టిందంట, నిజమేనా అని.

ముందు రెండిటికీ పొట్టిగా చెప్పేస్తా, ఓపికున్నవాళ్లు మిగతాది చదువుకోండి. ఐపీఓ కాగితం మీదున్న రెడ్ హెర్రింగ్‌కీ మోసానికీ సంబంధం లేదు, అది చట్టంలో ఉన్న పేరు, కంగారు పడకండి. ఖైదీల కథ మాత్రం ఎవరో అల్లింది. ఆ మాటకొస్తే కుక్కల్ని దారి తప్పించడానికి ఇంగ్లండులో ఎండుచేప వాడేవాళ్లు అనడానికే సరైన ఆధారం లేదు, ఒకే ఒక్క పెద్దమనిషి 1807లో తన పత్రికలో చెప్పిన కథ తప్ప. ఆయన మహా ఘటికుడు, అందుకని ఆయన గురించే కాస్త ఎక్కువ రాస్తా. నేను చాలా ఏళ్లు ఇంగ్లిష్ పేపర్ డెస్కులో కూర్చుని ఇలాంటి ఇడియమ్స్ దిద్దినోణ్ని, ఇప్పుడు పోటీ పరీక్షల పిల్లలకి క్లాసులు చెప్తున్నా, ఈ మాట మీద ఏటా ఒక గొడవ ఉంటుంది.

సరే, ముందు చేప సంగతి. హెర్రింగ్ అనేది నార్త్ సీలో, ఉత్తర అట్లాంటిక్‌లో గుంపులు గుంపులుగా తిరిగే చేప, జానెడు పొడవుంటుంది, ఒళ్లంతా వెండిలా మెరుస్తుంది. మన కవళ్లు, గోదారి పులస కూడా దూరపు వరసలో ఆ కుదురు చుట్టాలే. అయితే ఎర్ర హెర్రింగ్ అనే చేప మాత్రం ఏ సముద్రంలోనూ దొరకదు, ఆ ఎరుపు మనుషులు చేసిందే. ఈ చేపకి నూనె ఎక్కువ, పట్టిన కాసేపటికే పాడవడం మొదలవుతుంది, ఫ్రిజ్జులు లేని కాలంలో ఏం చేస్తారు, పేగులు కూడా తీయకుండా చేపకి చేపగా గట్టిగా ఉప్పు పట్టించి, వరసగా చువ్వలకి గుచ్చి, పొగగదిలో వేలాడదీసి, కింద కట్టెలు రాజేసి రోజుల తరబడి పొగబెట్టేవాళ్లు. వెండి రంగు కాస్తా రాగి రంగుకి తిరిగేది, ఒళ్లు చెక్కలా బిగుసుకుపోయేది, నెలల తరబడి చెడేది కాదు. ఉప్పులో ఊరబెట్టి పీపాల్లో పెట్టి, పొగ పెట్టకుండా వదిలేసిందాన్ని వైట్ హెర్రింగ్ అనేవాళ్లు, పొగబెట్టింది రెడ్ హెర్రింగ్. పేరులో ఇంతకు మించి రహస్యం ఏం లేదు. ఇప్పుడు ఇంగ్లండు హోటళ్లలో బ్రేక్‌ఫాస్టుకి పెట్టే కిప్పర్ వేరు, దాన్ని వీపు నుంచి చీల్చి శుభ్రం చేసి తేలిగ్గా పొగబెడతారు, అది ఇంత మొండి సరుకు కాదు. వాసన సంగతి వేరే చెప్పాలా, ఎండు సావిడాయల మూట ఉన్న ఆర్టీసీ బస్సులో కిటికీ మూసుకుని ఎప్పుడైనా వెళ్లి ఉంటే మీకు సగం తెలిసినట్టే.

దీనికి అంత గిరాకీ ఎందుకంటే మతం. ఈస్టర్ ముందు వచ్చే లెంట్ 40 రోజులు మాంసం ముట్టకూడదు, చేప తినొచ్చు, పైగా వారంలో కూడా ఉపవాసం రోజులుండేవి, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకి పచ్చి చేప ఎక్కడ దొరుకుతుంది, అందుకని ఈ ఉప్పు చేపలే దిక్కు. 1429 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని ఓర్లియన్స్‌ని ముట్టడించి కూర్చున్న ఇంగ్లిష్ సైన్యానికి లెంట్ తిండి కింద హెర్రింగ్ బళ్లు పోతుంటే దారిలో ఫ్రెంచివాళ్లు, స్కాట్లాండువాళ్లు కలిసి పడ్డారు, ఆ యుద్ధానికి చరిత్రలో పేరే 'బ్యాటిల్ ఆఫ్ ద హెర్రింగ్స్'. ఇంగ్లండు తూర్పు తీరంలో గ్రేట్ యార్మత్ అనే ఊరుంది, ఊరు మొత్తం ఈ చేప మీదే బతికింది, వాళ్ల ఊరి రాజముద్ర చూస్తే నవ్వొస్తుంది, ముందు సగం సింహం, వెనక సగం హెర్రింగ్ తోక, అలాంటివి మూడు. సింహం రాజుగారిది, తోక ఊరిది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వందల ఏళ్ల పాటు ఇంగ్లిష్ రాతల్లో రెడ్ హెర్రింగ్ అంటే తిండి, అంతే. 1546లో జాన్ హేవుడ్ అనే ఆయన కూర్చిన సామెతల పుస్తకంలో ఒక మాటుంది, 'అటు చేపా కాదు, ఇటు మాంసమూ కాదు, పోనీ మంచి ఎర్ర హెర్రింగూ కాదు' అని, అంటే ఏ కోవకీ చెందని మనిషి అన్నమాట. 17వ శతాబ్దపు లండన్ జీవితాన్ని రాసిపెట్టిన శామ్యూల్ పెపీస్ డైరీ తెలుసు కదా, ఆయన 1660 ఫిబ్రవరి చివర్లో కేంబ్రిడ్జి నుంచి లండన్ తిరిగొస్తూ పొద్దున్నే రెడ్ హెర్రింగ్ తిన్నానని రాసుకున్నాడు, ఆయన తింటుండగా ఒక కుర్రాడు ఆయన బూటు మడమ బాగుచేస్తున్నాడు, తీరా చూస్తే చిల్లు ముందెంత ఉందో బాగుచేశాక కూడా అంతే ఉందంట. ఇందులో మోసం ఏదైనా ఉంటే అది బూటు కుర్రాడిది, చేపది కాదు.

ఇప్పుడు కుక్కల దగ్గరికొద్దాం, ఎందుకంటే అందరూ తప్పులో కాలేసేది ఇక్కడే.

కుక్కలకీ ఈ చేపకీ సంబంధం లేదని నేననట్లేదు, ఉంది. కాకపోతే తలకిందులుగా ఉంది. థామస్ నాష్ అని ఎలిజబెత్ రాణి కాలం రచయిత ఒకడున్నాడు, 1597లో ఒక నాటకంలో చేయి పెట్టి ప్రభుత్వానికి కోపం తెప్పించి లండన్ వదిలి యార్మత్ పారిపోయాడు, అక్కడ తలదాచుకున్నందుకు కృతజ్ఞతగా 1599లో ఆ ఊరినీ ఎర్ర హెర్రింగ్‌నీ ఆకాశానికెత్తుతూ ఏకంగా ఒక పుస్తకమే అచ్చేయించాడు. ఒక జాలరి చేపలు ఎక్కువై పొగ నిండిన తన పాకలో వేలాడదీశాడని, కొన్నాళ్లకి చూస్తే తెల్లటి చేపలు ఎర్రగా మారిపోయాయని, అలా పుట్టింది ఈ సరుకు అని ఒక కథ కూడా కట్టాడు. అందులోనే పొగడ్తల మధ్యలో ఒక ముక్క అంటాడు, వేటకుక్కల్ని వాసన వెంట నడిపించడానికి ఎర్ర హెర్రింగ్ తోలుని మించింది లేదని. గమనించారా, నడిపించడానికి. తప్పించడానికి కాదు.

దాదాపు 90 ఏళ్ల తర్వాత, 1680లలో గెరార్డ్ లాంగ్‌బేన్ అనే ఆయన గుర్రపు స్వారీ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు, అది నికొలస్ కాక్స్ అనే ఆయన వేట పుస్తకంతో కలిపి అచ్చయింది. అందులో సంగతి ఏంటంటే, అప్పటి వేటల్లో కుక్కలు వాసన పట్టుకుని ముందు పరిగెడతాయి, వెనకాల గుర్రాల మీద మనుషులు, మధ్యలో కంచెలు, గుంటలు, పొలాలు అన్నీ దూకాలి. కొత్త గుర్రానికి ఇదంతా అలవాటవ్వాలి. మరి అలవాటు చేయడానికి రోజూ నక్క ఎక్కడ దొరుకుతుంది? అందుకని చచ్చిన పిల్లినో నక్కనో, ఏదీ దొరక్కపోతే ఎర్ర హెర్రింగ్‌నో తాడు కట్టి మూడు నాలుగు మైళ్లు నేల మీద ఈడ్పించి, ఆ జాడ మీద కుక్కల్ని వదిలి, వాటి వెనక గుర్రాన్ని పరిగెత్తించమన్నాడు. అంటే ఇది గుర్రాలకి ట్రైనింగు, ఇందులో కుక్కలకి చూపించేది నకిలీ జాడే గానీ వాటిని ఏ అసలు జాడ నుంచీ లాగట్లేదు. తర్వాతి తరాలవాళ్లు ఇందులో 'కుక్కలు', 'ఎర్ర హెర్రింగ్', 'ఈడ్చడం' అనే మూడు ముక్కలు ఏరుకుని, ఓహో ఇదే ఇడియం పుట్టుక అని రాసేసుకున్నారు, పుస్తకం పేరు కూడా ఇవ్వడంతో చదివినోళ్లు నమ్మేశారు. మూలం తెరిచి రెండు లైన్లు పైనా కిందా చదివి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు, డెస్కులో కూడా మేం సగం గొడవలు పడింది ఇలాంటి వాటితోనే.

మరి మోసం అనే అర్థం ఎక్కడ అంటుకుంది? విలియం కాబెట్ దగ్గర.

కాబెట్ 1763లో సర్రే జిల్లా ఫార్నమ్‌లో పుట్టాడు, రైతు కొడుకు, సైన్యంలో చేశాడు, అమెరికా పోయి అక్కడ పత్రికలు నడిపి గొడవలు పడి తిరిగొచ్చాడు, 1802లో లండన్‌లో 'పొలిటికల్ రిజిస్టర్' అని వారపత్రిక మొదలెట్టాడు. నోరా అది, కత్తి. సైన్యంలో కుర్రాళ్లని కొరడాలతో కొట్టించడం మీద రాసినందుకు 1810లో రెండేళ్లు న్యూగేట్ జైలుకి పంపించారు, అక్కడ కూర్చుని కూడా పత్రిక నడిపాడు. పార్లమెంటు చర్చల్ని అచ్చేసే పని కూడా మొదట ఆయనే పెట్టుకున్నాడు, డబ్బుల్లేక 1812లో దాన్ని ప్రింటరు హాన్సార్డ్‌కి అమ్మేస్తే ఆ ప్రింటరు పేరే ఈరోజుకీ బ్రిటిష్ పార్లమెంటు రికార్డులకి నిలిచిపోయింది. ఇంకో విచిత్రం, అమెరికా స్వాతంత్ర్యం కోసం కలం పట్టిన థామస్ పెయిన్ అంటే ఆయనకి ఆ రోజుల్లో పడి చచ్చేంత గౌరవం, 1819లో అమెరికాలో పెయిన్ సమాధి తవ్వి ఎముకలు పెట్టెలో వేసుకుని ఇంగ్లండు తెచ్చాడు, ఘనంగా స్మారకం కట్టిద్దామని. అది జరగలేదు, ఎముకలు ఆ తర్వాత ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. సరే పక్కకి పోతున్నా.

1807 ఫిబ్రవరి 14 సంచికలో ఆయన లండన్ దినపత్రికల మీద విరుచుకుపడ్డాడు. నెపోలియన్ ఓడిపోయాడని ఒక తప్పుడు వార్త పుడితే పత్రికలన్నీ దాని వెనక పడ్డాయి, దేశంలో అప్పుడు పట్టించుకోవాల్సిన విషయాలు పక్కకి పోయాయి, రెండు మూడు రోజులకి వార్త తుస్సుమంది. దాన్ని వెక్కిరించడానికి చిన్నప్పటి కథ అని ఒకటి చెప్పాడు. మేం చిన్నపిల్లలప్పుడు ఒక కుందేలుని 'ఇది మనదే' అని గురిపెట్టుకునేవాళ్లం, వేటగాళ్ల కుక్కలు దాని జోలికి రాకుండా తెల్లారకముందే దాని చోటుకి పోయి, తాడుకి ఎర్ర హెర్రింగ్ కట్టి, కంచెలూ గుంటలూ పొలాలూ పొదలూ దాటించి నాలుగైదు మైళ్లు ఈడ్చుకుపోయేవాళ్లం, కుక్కలు దాని వెనక పడి పోయి ఇక ఈ ఛాయలకి రావు అని నమ్మకం కుదిరాక వదిలేసేవాళ్లం అని. అక్కడితో ఊరుకుంటే కాబెట్ ఎందుకవుతాడు, లండన్ సంపాదకుల్ని నేను కుక్కలతో పోల్చట్లేదు సుమా, కుక్కలకున్న తెలివీ విశ్వాసమూ వీళ్లకి సగం కూడా లేదు అని ఒక చురక వేశాడు. ఆ తప్పుడు వార్తకి ఆయన పెట్టిన పేరు 'రాజకీయ ఎర్ర హెర్రింగ్', శనివారం నాటికి దాని వాసన రాయిలా చల్లబడిపోయిందని ముగించాడు.

మనం ఈరోజు వాడే అర్థం అక్కడ పుట్టింది. 1833లో ఆయన అదే కథని ఇంకా సాగదీసి మళ్లీ చెప్పాడు. 1816 నుంచి రెండు పెన్నీలకే చౌక సంచిక వేసేవాడు, గిట్టనివాళ్లు దాన్ని 'రెండు పెన్నీల చెత్త' అంటే ఆ పేరునే గర్వంగా తగిలించుకున్నాడు, కూలీలు సారా దుకాణాల్లో గుంపుగా కూర్చుని ఒకడు చదువుతుంటే మిగతావాళ్లు వినేవాళ్లు. అలాంటి పత్రికలో పడిన కథ జనంలోకి పోకుండా ఉంటుందా. కథతో పాటు 'ఇంగ్లండులో ఇలా చేసేవాళ్లు' అనే నమ్మకం కూడా పోయింది. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి 'జాడకి అడ్డంగా ఎర్ర హెర్రింగ్ ఈడ్చడం' అనే వాడుక మామూలైపోయింది, ఆ తర్వాత ఈడ్చడం కూడా రాలిపోయి ఒట్టి రెడ్ హెర్రింగ్ మిగిలింది.

కాబెట్ చిన్నప్పుడు నిజంగా ఆ పని చేశాడా? రాబర్ట్ స్కాట్ రాస్, జెరాల్డ్ కోహెన్ అని ఇద్దరు పరిశోధకులు ఈ మొత్తం లెక్క తిరగేసి 2008లో పదాల పుట్టుక మీద నడిచే ఒక పత్రికలో ప్రచురించారు. వేట పుస్తకాల్లో కుక్కల్ని తప్పించడానికి ఈ చేప వాడిన దాఖలా లేదని, కథ కాబెట్ సొంత కల్పనే అయి ఉంటుందని వాళ్లు తేల్చారు. పదాల చరిత్ర రాసే మైకేల్ క్వినియన్ దీన్ని జనానికి అర్థమయ్యేలా రాశాక చాలామందికి తెలిసింది. నా మటుకు నాకు వాళ్ల మాటే సబబనిపిస్తుంది, ఎందుకంటే ఒక ఊళ్లో పిల్లలందరూ చేసే చిలిపి పనైతే ఇంకెవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా, అప్పటి ఇంగ్లిష్‌వాళ్లు వేట గురించి రాయనిదంటూ లేదు. ఖైదీల కథ ఇంకా తర్వాత, ఎవరో కాబెట్ కథలో కుందేలు తీసేసి దొంగని పెట్టారు, అంతే తేడా.

పనిచేస్తుందా లేదా అనేది వేరే ప్రశ్న అనుకోండి. అమెరికా టీవీలో మిత్‌బస్టర్స్ వాళ్లు 2010లో ఇది కూడా పరీక్షించారు. వాసన పట్టే బ్లడ్‌హౌండ్ కుక్క పారిపోయేవాడి జాడ మీద పోతూ చేప దగ్గర ఆగింది, శుభ్రంగా తినేసింది, కాసేపు జాడ తప్పింది, మళ్లీ వెనక్కొచ్చి పట్టుకుని మనిషిని దొరకబుచ్చుకుంది. పాపం ఖైదీ.

ఇక అర్థం. మా క్లాసులో గొడవ ఇక్కడే. పిల్లలు రెడ్ హెర్రింగ్ అంటే అబద్ధం అని రాస్తారు, ఆప్షన్లలో 'లై' కనిపించగానే టిక్కు పెట్టేస్తారు. కాదు. చాలాసార్లు రెడ్ హెర్రింగ్ పచ్చి నిజమే అయి ఉంటుంది, అందుకే అది పనిచేస్తుంది. దాంతో చిక్కల్లా ఇప్పుడు నడుస్తున్న విషయానికి అది సంబంధం లేనిది కావడం. మీ అపార్టుమెంటు మీటింగు ఊహించుకోండి. మూడో ఫ్లోర్ ఆయన లేచి 'లిఫ్ట్ రిపేరుకని ఇంటికి రెండు వేలు వసూలు చేశారు, లిఫ్ట్ ఆగే ఉంది, డబ్బులేమయ్యాయండీ' అని అడిగాడు. సెక్రటరీ గారు గొంతు సవరించుకుని 'డబ్బుల సంగతి తర్వాత సార్, ముందు మీవాళ్లు పార్కింగులో స్కూటీ అడ్డంగా పెడుతున్నారు, నిన్న అంబులెన్స్ వస్తే దారి లేదు, ఎవరి ప్రాణమైనా పోతే ఎవరిది బాధ్యత' అన్నాడు. ఇక చూడండి, స్కూటీ మీద అరగంట. స్కూటీ అడ్డంగా పెట్టిన మాట నిజం. అంబులెన్స్ నిజం. అందరికీ కోపం రావడమూ న్యాయమే. రెండు వేల లెక్క మాత్రం ఎవరికీ గుర్తులేదు, పకోడీలొచ్చాయి, మీటింగయిపోయింది. ఆ స్కూటీ రెడ్ హెర్రింగ్.

అదే సెక్రటరీ 'అంటే నేను దొంగనంటారా, ఇన్నేళ్ల నా సేవకి ఇదా బహుమానం' అని ఉంటే అది వేరు, అడిగినాయన అనని మాట ఆయన నోట్లో పెట్టి దాన్ని కొట్టడం, దాన్ని స్ట్రా మ్యాన్ అంటారు. 'పోయిన కమిటీ మాత్రం లెక్కలు చూపించిందా' అంటే దాన్ని ఈమధ్య వాటబౌటరీ అంటున్నారు, అది రెడ్ హెర్రింగ్ ఇంటి పిల్లే గానీ దానికంటూ ప్రత్యేకం పేరొచ్చేసింది. ఇక తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నాడని మన సామెత ఉంది చూశారూ, చాలామంది దాన్ని రెడ్ హెర్రింగ్‌కి తెలుగు అని చెప్తుంటారు, నాకు ఒప్పుకోబుద్ధి కాదు, వాడు అడిగిందానికే జవాబు చెప్తున్నాడు, కాకపోతే అతకని సాకు చెప్తున్నాడు. తెలుగులో రాయాల్సొస్తే 'అసలు విషయాన్ని పక్కదోవ పట్టించడానికే ఈ గొడవ' అంటే సరిపోతుంది, ఎర్ర చేప అని రాయకండి దయచేసి, నేనొక అనువాదంలో అలా చూసి టీ పొలమారాను.

డిటెక్టివ్ నవలల్లో దీనికి ఇంకొంచెం ముద్దైన జీవితం ఉంది. అక్కడ రచయితే కావాలని పెడతాడు, పాఠకుడు తప్పు మనిషి మీద అనుమానపడాలని. అర్ధరాత్రి తోటలో తవ్వుతున్న తోటమాలి, ఉత్తరం కాల్చేస్తున్న మేనకోడలు, తీరా చూస్తే తోటమాలి దొంగ సారా దాచుకుంటున్నాడు, మేనకోడలిది ప్రేమ ఉత్తరం. డొరొతీ సేయర్స్ 1931లో ఏకంగా 'ఫైవ్ రెడ్ హెర్రింగ్స్' అనే పేరుతోనే నవల రాసింది, స్కాట్లాండులో ఒక చిత్రకారుడు చనిపోతాడు, అనుమానితులు ఆరుగురు, పేరులోనే లెక్క చెప్పేసింది, అయినా చివరిదాకా దొరకదు. అగాథా క్రిస్టీ 1939 నాటి దీవి నవల 'అండ్ దెన్ దేర్ వర్ నన్'లో పిల్లల పాట ఒకటుంది, అందులో సముద్రానికి పోయిన నలుగురిలో ఒకణ్ని రెడ్ హెర్రింగ్ మింగేస్తుంది. ఆ లైను దగ్గర ఆగి ఆలోచించమని మాత్రం చెప్తా, చదవనివాళ్ల కోసం అంతకుమించి చెప్పను. పోలీసు దర్యాప్తుల్లో అయితే ఎవరూ కావాలని పెట్టకపోయినా రెడ్ హెర్రింగ్ అవ్వొచ్చు, నేరం జరిగిన చోట దొరికిన చెప్పు పాలవాడిదని తేలితే ఆ చెప్పు రెడ్ హెర్రింగే, పాలవాడు అమాయకుడు.

వాడుక గురించి రెండు మాటలు. ఇది లెక్కపెట్టగలిగే నామవాచకం, ముందు 'ఎ' పెట్టాలి, బహువచనంలో 'రెడ్ హెర్రింగ్స్'. 'దట్ ఆర్గ్యుమెంట్ ఈజ్ ఎ రెడ్ హెర్రింగ్' అనొచ్చు, 'హి రెడ్ హెర్రింగ్డ్ మీ' అనకండి. రెడ్ ఫ్లాగ్‌తో కలపకండి, రెడ్ ఫ్లాగ్ మనం చూసి తీరాల్సిన ప్రమాద సూచన, రెడ్ హెర్రింగ్ చూసి వదిలేయాల్సింది, దాదాపు ఎదురెదురు అర్థాలు. 'హియరింగ్' అని పలికేవాళ్లు, రాసేవాళ్లు కూడా ఉన్నారు, బిజినెస్ వార్తల్లో ఆ ముక్క వినపడితే నా చెవి అదురుతుంది.

సరే, మీ ఐపీఓ.

ఈ పేరు అమెరికా షేర్ మార్కెట్ నుంచి వచ్చింది. 1929 పతనం తర్వాత అక్కడ 1933లో సెక్యూరిటీస్ చట్టం తెచ్చారు, కంపెనీ షేర్లు అమ్మాలంటే ముందు వివరాలన్నీ రిజిస్టర్ చేయాలి, అది అమల్లోకి వచ్చేదాకా అమ్మకూడదు. ఈ మధ్యకాలంలో ఇన్వెస్టర్లకి చూపించడానికి ఒక ముందస్తు ప్రాస్పెక్టస్ ఇచ్చేవాళ్లు, దాని అట్ట మీద ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక అచ్చేసేవాళ్లు, ఇది తుది కాగితం కాదు, ఇందులో వివరాలు మారొచ్చు, దీన్ని అమ్మకం ప్రతిపాదనగా తీసుకోవద్దు అని. ఆ ఎర్ర అక్షరాల వల్ల వాల్ స్ట్రీట్ వాళ్లు దాన్ని సరదాగా రెడ్ హెర్రింగ్ అన్నారు, సరదా పేరే స్థిరపడింది. మన దగ్గరికి వచ్చేసరికి సరదా కాస్తా చట్టమైపోయింది, 2013 కంపెనీల చట్టంలో 32వ సెక్షన్ పేరే రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్. ఎన్ని షేర్లు, ఏ ధర అనే వివరాలు పూర్తిగా లేని ప్రాస్పెక్టస్ అని దాని నిర్వచనం.

ఎందుకు పూర్తిగా లేవంటే దాచిపెట్టి కాదు, ధర అప్పటికి తేలదు. బుక్ బిల్డింగ్ పద్ధతిలో కంపెనీ ఒక ప్రైస్ బ్యాండ్ ఇస్తుంది, కింది ధర 100 అనుకుంటే పై ధర 120 దాటకూడదని షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ రూలు, ఆ మధ్యలో జనం బిడ్లు వేస్తారు, బిడ్లని బట్టి ధర ఖాయమవుతుంది. ధర ఖాయమయ్యాక ఆ లెక్కలన్నీ నింపి తుది ప్రాస్పెక్టస్ రిజిస్ట్రార్ దగ్గరా సెబీ దగ్గరా దాఖలు చేస్తారు. రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ ఇష్యూ తెరవడానికి, అంటే బిడ్లు మొదలవడానికి కనీసం మూడు రోజుల ముందు రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర పడాలి, ధర లేదు కదా అని అందులో ఏది పడితే అది రాయడానికి లేదు, మామూలు ప్రాస్పెక్టస్‌కి ఉండే బాధ్యతలన్నీ దీనికీ ఉంటాయని అదే సెక్షన్ చెప్తుంది. తుదిదాంట్లో ఏమైనా తేడా వస్తే ఆ తేడా ఏంటో చూపించాలి కూడా. కాబట్టి మిమ్మల్ని పక్కదోవ పట్టించే కాగితం కాదు, కంపెనీ గురించి మీకు దొరికే కాగితాల్లో సెలబ్రిటీల యూట్యూబ్ వీడియోల కంటే వంద రెట్లు నిజాయితీ ఉన్నది ఇదే.

అంతమాత్రాన కంపెనీ మంచిదని కాదండోయ్, సెబీ చూసిందంటే వివరాలు ఇచ్చారా లేదా అని చూసింది, కంపెనీ బాగుందని సర్టిఫికెట్ ఇవ్వలేదు. అయిదారు వందల పేజీలు చదవలేం అంటారు, నేనూ మొత్తం చదవను. నేను చూసేవి రిస్క్ ఫ్యాక్టర్లు, వచ్చే డబ్బు దేనికి వాడతారో చెప్పే 'ఆబ్జెక్ట్స్ ఆఫ్ ది ఇష్యూ', కంపెనీ మీదా ప్రమోటర్ల మీదా ఉన్న కేసులు, ఆఫర్ ఫర్ సేల్ ఎంత, అంటే మన డబ్బు కంపెనీకి పోతోందా లేక పాత వాటాదారుల జేబులోకి పోతోందా అనేది. ఇంకోటి, మీరు డౌన్‌లోడ్ చేసింది డ్రాఫ్ట్ రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్సా, అసలు రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్సా అనేది అట్ట మీద తేదీతో సహా చూసుకోండి. డ్రాఫ్ట్ అనేది సెబీకి ముందుగా ఇచ్చేది, 21 రోజులు జనం అభిప్రాయాల కోసం పెడతారు, ఇష్యూ తెరిచేసరికి అది నెలల పాతదై ఉండొచ్చు, మధ్యలో ఒకటి రెండు క్వార్టర్ల లెక్కలు కలిసి ఉంటాయి, ఇష్యూ సైజు మారి ఉండొచ్చు. బిడ్ వేసే ముందు చదవాల్సింది రెండోది, అది ఎక్స్ఛేంజీల సైట్లలోనూ ఇష్యూ పనులు చూసే మర్చంట్ బ్యాంకర్ సైట్‌లోనూ ఫ్రీగానే ఉంటుంది.